హాస్టల్ పిల్లలకు ఒక ఫ్లానెల్ బొంత

చలి ముదిరేసరికి మా వార్డుల్లో రెండు మాటలు ఎక్కువగా వినబడతాయి. మొదటిది, "సిస్టరమ్మా, ఇంకో రగ్గు ఉంటే ఇయ్యండి" అని. రెండోది, "పిల్లగాడు హాస్టల్ల ఉంటడు, ఆడ ఏం కప్పుకుంటడో ఏమో" అని. మొదటి మాటకు జవాబు మా బీరువాలో ఉంది. రెండో మాటకు జవాబు మీ ఇంట్లోనే, అటక మీద పెట్టిన పాత బట్టల మూటలో ఉంది. అందుకే ఈసారి ఆరోగ్య పేజీలో మందుల గురించి కాకుండా బొంత గురించి రాస్తున్నాము.

నర్సులకు బొంతతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. రోగికి మందు ఎంత అవసరమో, పొడి పడక, వెచ్చని దుప్పటి, శుభ్రమైన బట్ట అంత అవసరమని మాకు శిక్షణ మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఇంట్లో తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎప్పటినుంచో చేస్తున్నదీ అదే పని. దానికి కొంచెం లెక్క, కొంచెం ఆరోగ్య జాగ్రత్త జోడించి చెప్పడమే మా ప్రయత్నం.

మన చలి ఎలాంటిది?

మన ప్రాంతం ఎండకు ఎంత పేరుపడిందో చలికీ అంతే. ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీల వేడి చూస్తాము. అదే డిసెంబరు, జనవరి నెలల్లో తిర్యాణి, సిర్పూర్ (యు), కెరమెరి, జైనూర్ వైపు తెల్లవారుజామున 5 డిగ్రీల కన్నా కిందికి పడిపోయిన రోజులూ ఉన్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లా 2016 అక్టోబరులో ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలైంది. జిల్లాలు ఎన్ని అయినా చలి మాత్రం మారలేదు.

దీనికి కారణాలున్నాయి. మనం సముద్రానికి చాలా దూరంగా ఉన్నాము. ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి ముందుగా తాకేది మనల్నే. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి అంతా పైకి పోతుంది. రాత్రి పది గంటలకు చలి ఓర్చుకునేట్టే ఉంటుంది, తెల్లవారేముందు మాత్రం వణికిస్తుంది. పిల్లలు రాత్రి ఒక పలుచని చద్దరు కప్పుకొని పడుకుంటారు. గాఢనిద్రలో ఉండగా చలి పెరుగుతుంది. కాళ్ళు ముడుచుకుంటారు గాని లేచి ఇంకొకటి కప్పుకోరు. కాబట్టి కప్పుకునేది పడుకునేటప్పటి చలిని చూసి కాదు, తెల్లవారుజామున నాలుగు గంటల చలిని చూసి తయారుచేయాలి.

చలి ఎవరికి ప్రమాదం?

ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు చలికి వణికినా పొద్దెక్కాక తేరుకుంటాడు. కొందరి సంగతి అలా కాదు. ఉబ్బసం ఉన్న పిల్లలకు చల్లగాలికి ఛాతీ పట్టేస్తుంది. బరువు తక్కువగా, రక్తహీనతతో ఉన్న ఆడపిల్లలకు వేళ్ళు, పాదాలు చల్లబడి నిద్ర పట్టదు. అందరికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల గురించి.

ఈ జబ్బు మన అడవి ప్రాంతాల్లో, ముఖ్యంగా గోండు, కొలాం వంటి గిరిజన కుటుంబాల్లో కనబడుతుంది. మిగతా కులాలవారిలో అసలు రాదని కాదు. మామూలుగా ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని రక్తనాళాల్లో కూడా సులువుగా సాగిపోతాయి. ఈ జబ్బులో అవి కొడవలి ఆకారంలో వంగి, గట్టిపడి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. చలికి చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు రక్తం నడక ఇంకా నెమ్మదిస్తుంది. చేతులు, కాళ్ళు, నడుము, ఛాతీలో భరించలేని నొప్పి మొదలవుతుంది. చల్లటి నీళ్ళ స్నానం, నీళ్ళు తక్కువ తాగడం, జ్వరం, బాగా అలసిపోవడం కూడా ఆ నొప్పిని తెస్తాయి.

ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలన్నది దాని లక్ష్యం. పుట్టిన బిడ్డ నుంచి 40 ఏళ్ళ వయసు వరకు ఉన్నవారికి పరీక్ష చేస్తారు. మీ కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మిగతా పిల్లలకు, పెళ్ళి కావలసిన యువతీ యువకులకు పరీక్ష చేయించండి.

బొంత ఈ జబ్బును నయం చేయదు. డాక్టరు రాసిన మాత్రలు రోజూ వేసుకోవలసిందే, నీళ్ళు బాగా తాగవలసిందే. కాని చలి వల్ల వచ్చే నొప్పులను తగ్గించడంలో రాత్రంతా వెచ్చగా ఉండడం చాలా పెద్ద సహాయం. ఆ పని చేయగలిగేది ఇంటివాళ్ళే.

బొంత అంటే పిల్లలు ఎందుకు వద్దంటారు?

అతుకుల బొంత అన్న మాటను మనం చిన్నచూపుతోనే వాడతాము. పొంతన లేని దేనినైనా అతుకుల బొంత అంటాము. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలకు ఈ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. ఆ వయసులో తోటివారు ఏమంటారు అన్నదే పెద్ద చింత.

ఒక చలికాలం మా వార్డులో నొప్పులతో చేరిన పదో తరగతి అబ్బాయిని చూశాము. వాళ్ళ అమ్మ హాస్టల్‌కు మంచి బొంత పంపింది. అతను దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పలుచని చద్దరుతోనే పడుకున్నాడు. "అది ముసలోళ్ళ బొంత సిస్టర్, అందరూ నవ్వుతరు" అన్నాడు. అమ్మ పక్కన కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నది. బొంతలో లోపం ఏమీ లేదు. అబ్బాయిలోనూ తప్పు లేదు. ఆ బొంత తన కోసం చేసినట్టు అతనికి అనిపించలేదు, అంతే. డిశ్చార్జి అయ్యేలోపు అతనికి ఏ రంగులు ఇష్టమో అడిగాము. నలుపు, ముదురు నీలం, ఎరుపు అన్నాడు. చిన్నప్పటి క్రికెట్ చొక్కా ఒకటి దాచుకున్నానని కూడా చెప్పాడు. ఆ సాయంత్రమే వాళ్ళ అమ్మ నోటు పుస్తకం కాగితం మీద గళ్ళు గీసుకుంది. ఏ గడిలో ఏ రంగు రావాలో పడుకునే తను చెప్పాడు.

ఇందులో మేము గమనించినది ఒకటుంది. పెద్దపిల్లలకు బొంత కుట్టేటప్పుడు కొలత తీసుకునే ముందు వాళ్ళ మాట తీసుకోవాలి. తను ఎంచుకున్న రంగులు, తన పాత చొక్కా ముక్క అందులో ఉంటే అది తన వస్తువు అవుతుంది. అప్పుడు పెట్టె అడుగున ఉండదు, ఒంటి మీద ఉంటుంది.

బొంత మన ఒక్కరిదే కాదు అని కూడా వాళ్ళకు చెప్పండి. మన పొరుగున మహారాష్ట్రలో దీన్నే గోధడి అంటారు. బెంగాలులో కాంథా అని పాత చీరల పొరల మీద బొమ్మలు కుడతారు. కర్ణాటక అడవుల్లోని సిద్దీ స్త్రీలు కుట్టే రంగురంగుల కవంది బొంతలను దేశవిదేశాల్లో కొనుక్కుంటున్నారు. అమెరికా, కెనడాలలో మెనొనైట్ సంఘాల స్త్రీలు గుడ్డముక్కలు అతికి, దారంతో ముడులు వేసి బొంతలు చేసి, యుద్ధాలు, కరువుల్లో ఇల్లు వదిలిన కుటుంబాలకు పంపుతారు. అతుకుల పని పేదరికానికి గుర్తు కాదు, ఓపికకు గుర్తు.

ఫ్లానెల్ ఎందుకు?

ఫ్లానెల్ అంటే మీకు తెలిసిన గుడ్డే. పుట్టిన బిడ్డను చుట్టడానికి కొనే మెత్తని గుడ్డ అది. నూలు గుడ్డకు ఒకవైపు గాని రెండువైపులా గాని నూగు లేపి తయారుచేస్తారు. ఆ నూగులో గాలి నిలిచి ఉంటుంది. మన ఒంటి వేడిని బయటకు పోనివ్వకుండా ఆపేది ఆ గాలే. చెమట పీలుస్తుంది, చర్మానికి గుచ్చుకోదు, ఇంట్లో ఉతుక్కోవచ్చు.

మన కురుమలు నల్ల గొర్రెల ఉన్నితో నేసే గొంగడి చలికి, వానకు మంచి రక్షణ. కాని చర్మం పొడిబారి దురద ఉన్న పిల్లలకు అది గుచ్చుకుంటుంది, తరచుగా ఉతకడం కష్టం. బజారులో దొరికే మెత్తని మింకు దుప్పటి వెచ్చగానే ఉంటుంది గాని అది సింథటిక్. తడిస్తే బరువు, హాస్టల్లో ఆరేయడానికి చోటు ఉండదు. కొనగలిగినవారు కొనుక్కోవద్దని కాదు. ఉన్న బట్టతో తక్కువ ఖర్చులో, పిల్లవాడు తనంతట తానే ఉతుక్కోగలిగే వస్తువు కావాలంటే ఫ్లానెల్ బొంత మంచిది.

ముక్కలు ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లో చిన్నపిల్లల పాత ఫ్లానెల్ గుడ్డలు, చలికాలపు గళ్ళ చొక్కాలు, పాత నైట్ డ్రెస్సులు వెతకండి. తెలిసిన దర్జీని అడిగితే మిగిలిన ముక్కలు ఇస్తాడు. కట్‌పీసుల దుకాణంలోనూ, వారం అంగడిలోనూ అడగండి. చొక్కా మోచేతుల దగ్గర, కాలరు దగ్గర అరిగిపోయినా వీపు భాగం గట్టిగానే ఉంటుంది. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అవతలి వెలుతురు చిల్లుల్లా కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టండి.

2017 నుంచి కొన్నేళ్ళపాటు పంచిన బతుకమ్మ చీరలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అవి సింథటిక్ కాబట్టి బొంత లోపలి పొరకు గాని ఒంటికి తగిలే వైపుకు గాని వద్దు. బొంతను మడిచి పెట్టుకునే సంచి కుట్టడానికి బాగుంటాయి.

కొలత, లెక్క

ఈ వయసు పిల్లలు ఏడాదికేడాది ఎత్తు పెరుగుతారు. ఇప్పటి ఎత్తుకు కాకుండా మూడేళ్ళ తర్వాతి ఎత్తుకు కొలవండి. పాదాల కింద మడిచి పెట్టుకోవడానికి పొడవు మిగలాలి. మేము చెప్పే కొలత 63 అంగుళాల వెడల్పు, 77 అంగుళాల పొడవు. అంటే సుమారు ఐదుంపావు అడుగులు, ఆరున్నర అడుగులు. హాస్టల్ మంచానికి రెండు వైపులా కిందికి దిగుతుంది.

లెక్క ఇలా వేసుకోండి.

1. ముక్క కోత కొలత 8 అంగుళాల చదరం. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతుంది. కుట్టిన తర్వాత 7 అంగుళాలు మిగులుతుంది. ఫ్లానెల్ అంచు పోగులు ఊడుతుంది కాబట్టి అర అంగుళం కన్నా తక్కువ వదలవద్దు.

2. అడ్డంగా 9 ముక్కలు, నిలువుగా 11 వరుసలు. మొత్తం 99 ముక్కలు.

3. ముదురు రంగువి 50, లేత రంగువి 49 తీసుకోండి. చదరంగం బల్లలాగా ఒకటి ముదురు, ఒకటి లేత వస్తుంది. మొదటి వరుస ముదురుతో మొదలైతే రెండో వరుస లేతతో మొదలవ్వాలి. నాలుగు మూలలూ ముదురు రంగే వస్తుంది, చూపుకు నిండుగా ఉంటుంది.

4. ఇంట్లో సగం ముక్కలు దొరికి, మిగతా సగం కొనవలసి వస్తే 36 అంగుళాల పన్నా ఉన్న ఫ్లానెల్ మూడుంబావు మీటర్లు చాలు. ఉతికాక కొంచెం కుంచించుకుపోయినా మీటరుకు 16 ముక్కలు వస్తాయి.

5. కింది పొరకు ఒక పాత నూలు చీర. చీర పొడవు సుమారు 216 అంగుళాలు ఉంటుంది. 82 అంగుళాల ముక్కలు రెండు కోసి, పక్కపక్కన జోడించండి. 68 అంగుళాల వెడల్పు ఉంచి మిగిలింది కోసేయండి. కింది పొర పై పొర కన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దగా ఉండాలి. చీరలో మిగిలిన 52 అంగుళాల ముక్కను 3 అంగుళాల పట్టీలుగా ఆరు కోస్తే అంచుకు సరిపోతుంది.

6. మధ్య పొర మీ ఊరి చలిని బట్టి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు ఒక పాత నూలు ధోవతి లేదా చీర ఒక పొర చాలు. ఆసిఫాబాద్, ఉట్నూరు, నార్నూర్ వైపు అయితే పాత సోలాపూర్ చద్దరు వేయండి. కొలత చాలకపోతే పక్కన ముక్క అతకండి. విడి దూది నింపవద్దు. రెండు ఉతుకులకే ఉండలు కట్టి, ఒకచోట మందంగా, ఇంకోచోట ఖాళీగా అవుతుంది. పైగా త్వరగా ఆరదు.

కోసే ముందు ఉతకాలి

ఇది మరచిపోవద్దు. కొత్త ఫ్లానెల్ వేడినీళ్ళకు కుంచించుకుంటుంది, పాతది ఇప్పటికే కుంచించుకుని ఉంటుంది. రెండింటినీ ఉతక్కుండా కలిపి కుడితే మొదటి ఉతుకుకే బొంత ముడతలు పడుతుంది. ఎరుపు, నీలం, నలుపు గుడ్డలను వేరు బకెట్లో నానబెట్టండి. నీళ్ళకు రంగు దిగడం ఆగేదాకా నీళ్ళు మార్చండి. వేడినీళ్ళ సబ్బుతో ఉతికి ఎండలో బాగా ఆరబెట్టండి. ఎవరో వాడిన బట్టల నుంచి గజ్జి, పేలు రాకుండా కూడా ఇదే జాగ్రత్త. జబ్బుపడ్డవారు వాడిన, రక్తం లేక చీము మరకలు ఉన్న బట్టలు బొంతకు పనికిరావు.

కూర్చడం, కుట్టడం

అట్టముక్కను 8 అంగుళాల చదరంగా కోసుకొని, దాని చుట్టూ సుద్దతో గీసి ముక్కలు కోయండి. అన్నీ ఒకే కొలత ఉంటేనే మూలలు కలుస్తాయి. చొక్కా గుండీలు, జేబులు, పాత కుట్లు ఉన్న చోటు వదిలేయండి. పిల్లవాడికి ఇష్టమైన చొక్కా మీద బొమ్మ ఉంటే, ఆ ముక్కను సరిగ్గా నడిమి గడిలో పెట్టండి. అడ్డంగా ఐదోది, నిలువుగా ఆరోది. ఆ బట్ట పలుచనిది, సాగేది అయితే దాని వెనక ఒక ఫ్లానెల్ ముక్క కలిపి కుట్టండి.

ముక్కలన్నీ చాప మీద పరిచి, కొంచెం దూరం నిలబడి చూడండి. ఒకే రంగు ఒకేచోట గుమిగూడితే మార్చండి. తర్వాత వరుసకొక చీటీ మీద అంకె వేసి, ఒక్కో వరుసను వేరుగా మడిచి పెట్టండి. రోజుకు ఒక వరుస కుట్టినా పదకొండు సాయంత్రాల్లో పై పొర వరుసలు అయిపోతాయి. కాలు మిషను మీద అయితే 16 నంబరు సూది వేసి, కుట్టు కొంచెం పెద్దదిగా పెట్టుకోండి. కుట్టు మందాన్ని రెండువైపులా విడదీసి ఇస్త్రీ చేయండి. లేకపోతే నాలుగు మూలలు కలిసేచోట గడ్డలా తగులుతుంది.

వరుసలు జోడించాక, కింది పొరను ఉల్టా వైపు పైకి వచ్చేలా నేల మీద ముడతలు లేకుండా పరచండి. దాని మీద మధ్య పొర, ఆపైన ముక్కల పొర సీదా వైపు పైకి పెట్టండి. గుండుసూదులతో గాని పెద్ద టాకాలతో గాని కదలకుండా పట్టివేయండి. గుండుసూదులు ఎన్ని గుచ్చారో లెక్క రాసుకోండి. ఆపరేషన్ థియేటరులో మేము గాజుగుడ్డ ముక్కలు, సూదులు మొదట ఎన్నో, చివర ఎన్నో లెక్కపెడతాము. బొంతకు కూడా అదే పద్ధతి. ఒక్క సూది లోపల మిగిలినా ఏ రాత్రో పిల్లవాడికి గుచ్చుకుంటుంది.

తర్వాత మూడు పొరలూ కలిపి పట్టే కుట్టు. మన పెద్దవాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ సన్నకుట్టు వేసుకుంటూ మధ్యకు వస్తారు. అలా కుట్టగలిగినవారు అలాగే కుట్టండి, అది అందం, గట్టిదనం కూడా. అంత తీరిక లేనివారికి ముడుల పద్ధతి ఉంది. నాలుగు ముక్కలు కలిసే ప్రతి మూల దగ్గర దబ్బనంతో గట్టి నూలు దారం కిందికి దించి, పక్కనుంచి పైకి తీసి, రెండుసార్లు ముడివేసి, అర అంగుళం వదిలి కత్తిరించండి. మొత్తం 80 ముడులు వస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. స్త్రీల సమాజం కూడికకు బొంత తెచ్చుకుంటే ఇంకా తొందరగా అవుతుంది.

పొరలు కలిశాక అంచులు సమానంగా కోసి, పట్టీని చుట్టూ మడిచి కుట్టండి. ముందుగా చిరిగేది అంచే కాబట్టి అక్కడ రెండు వరుసలు కుట్టండి. ఒక మూల లోపలివైపు పిల్లవాడి పేరు, హాస్టల్ నంబరు దారంతో రాయండి. హాస్టల్లో బట్టలు కలిసిపోవడం మీకు తెలిసిందే.

వాడకంలో జాగ్రత్తలు

నిప్పు: ఫ్లానెల్ నూగుకు మంట త్వరగా అంటుకుంటుంది. బొంత కప్పుకొని చలిమంట దగ్గర, పొయ్యి దగ్గర కూర్చోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. తలుపులు, కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం. ఆ బొగ్గుల నుంచి రంగు, వాసన లేని విషవాయువు వస్తుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. గది వెచ్చగా చేయడం కన్నా ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం మేలు.

ఉతుకు: ఎండ ఉన్న రోజు చూసి నెలకు ఒకసారి ఉతకండి. వారానికి ఒకసారి ఎండలో వేసి, దులిపి, తిరగేయండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది మరీ అవసరం. దుమ్ముపట్టిన బొంత ఆయాసాన్ని పెంచుతుంది. సగం ఆరిన బొంత కప్పుకోవద్దు.

గజ్జి: హాస్టల్లో ఒకరికి వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ దురద, పొక్కులు మొదలైతే బొంతను ఇంకొకరితో పంచుకోవద్దు. డాక్టరు చెప్పిన మందు ఆ గదిలో ఉన్నవారందరూ ఒకే రోజు రాసుకోవాలి. అదే రోజు కప్పుకునేవి, కట్టుకునేవి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకడం కుదరనివి ప్లాస్టిక్ సంచిలో వారం రోజులు మూటకట్టి ఉంచితే ఆ పురుగులు చచ్చిపోతాయి.

చంటిబిడ్డలు: ఈ బొంత పెద్దపిల్లలకే. ఏడాది లోపు బిడ్డ పడుకునేచోట మందపాటి బొంత వేయవద్దు. ముఖం మీద పడితే తీసుకునే శక్తి బిడ్డకు ఉండదు.

సికిల్ సెల్ ఉన్న పిల్లలకు: బొంతతో పాటు మేజోళ్ళు, చెవులు మూసే టోపీ, గోరువెచ్చని నీళ్ళ స్నానం కావాలి. నొప్పి ఉన్నచోట ఐసు పెట్టవద్దు. 101 డిగ్రీలు, అంతకుమించి జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు బాగా పచ్చబడడం, ఒక చెయ్యి గాని కాలు గాని బలహీనపడడం, ఇంట్లో మాత్రలకు లొంగని నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లవారనీ అని ఆగవద్దు. రాత్రే ఆస్పత్రికి తీసుకురండి. హాస్టల్ వార్డెనుకు, క్లాసు టీచరుకు ఈ సంగతులు కాగితం మీద రాసి ఇవ్వండి. పిల్లవాడు సిగ్గుపడి చెప్పుకోకపోవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు. రంగులు ఎంచుకోవడానికి, కాగితం మీద గళ్ళు గీయించడానికి అది మంచి సమయం. ఆ వారంలోనే గుడ్డలు ఉతికి ఆరబెట్టండి. తర్వాతి వారం ముక్కలు కోయండి. రెండు వారాలు వరుసలు కుట్టండి. ఐదో వారం పొరలు కలిపి ముడులు వేయండి. ఆరో వారం అంచు. ఈ లెక్కన గట్టి చలి రాకముందే బొంత హాస్టల్‌కు చేరుతుంది. పిల్లవాడిని కూడా కూర్చోబెట్టి కొన్ని ముడులు వేయించండి. మగపిల్లలకు సూది దారం పట్టడం తెలిస్తే తర్వాత గుండీ ఊడినప్పుడు పనికొస్తుంది.

కొలతల్లో ఏదైనా సందేహం వస్తే ఓ.పి.కి వచ్చినప్పుడు మా సిస్టర్లను అడగండి. ఇంట్లో కుట్టేవారు లేని పిల్లలు కూడా హాస్టళ్ళలో ఉన్నారు. మీ బొంతకు కోయగా మిగిలిన ముక్కలు పారేయకుండా ఉతికి, ఆరబెట్టి, మూటకట్టి మాకు ఇవ్వండి. 99 ముక్కలు అయితే ఇంకొక బొంత అవుతుంది.